హీలియం నిలిచిన నిమిషం

పోయిన నెల ఒక బుధవారం కుప్పంలో మా కాలేజీ ల్యాబులో ఉండగా మదనపల్లె నుంచి ఫోను వచ్చింది. చేసింది నేను పరిశోధన చేసిన బెంగళూరు ల్యాబులోని ఆపరేటర్ గారి అమ్మాయి. "అక్కా, నాయిన తెల్లారుజామున పోయినాడు" అంది. "సరేమ్మా, వస్తాండాను" అన్నాను. ఫోను పెట్టేశాక గాని, అలాంటి మాటకు సరే అనడమేమిటని తోచలేదు. ఎదురుగా మొదటి సంవత్సరం పిల్లలు శృతిదండాలు మోగించి గాలిలో ధ్వని వేగం లెక్కగడుతున్నారు. వాళ్లను పక్క మేడమ్‌కు అప్పజెప్పి బస్టాండుకు వెళ్లిపోయాను.

కుప్పం నుంచి మదనపల్లెకు పోవాలంటే పలమనేరు మీదుగా మా పుంగనూరు దాటాలి. పుంగనూరులో బస్సు ఆగగానే, ఏడుస్తున్న దాన్నల్లా కాస్త నవ్వాను. ఆయన నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏమ్మా పుంగనూరూ" అనేవాడు. ఆ బెంగళూరు ల్యాబులో అందరికీ ఊళ్ల పేర్లే. సేలం అబ్బాయి సేలం, ధార్వాడ అమ్మాయి ధార్వాడ. మా ప్రొఫెసరు ఒక్కరే పెద్దసారు. మధ్యాహ్నం ఆయన డబ్బా మూత తీస్తే సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి. సగం నా ప్లేటులో వేసి, "మీ పుంగనూరు ఆవులే పొట్టివమ్మా, మీ ఆకలి పొట్టిది గాదు" అని ఆటపట్టించేవాడు. నేను ఉడుక్కుంటూనే రెండోసారి పెట్టించుకునేదాన్ని.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ముప్పై ఏళ్ల కిందట ఆయనకు ఒక కృతజ్ఞత చెప్పాను గాని, చెప్పాల్సింది వదిలేసి వేరేది చెప్పాను. ఇప్పుడు సరిచేసుకుంటే ఆయన చదవడు. అయినా సరిచేయాలి.

బెంగళూరులో మేము పనిచేసిన ల్యాబులో ఆయన హీలియం ఆపరేటరు. బెలూన్లలో నింపే ఆ వాయువునే మనం ఊహించలేనంత చల్లబరిస్తే నీళ్లలా ద్రవమవుతుంది. దాన్ని తయారుచేసి, పొడవాటి గాజు ఫ్లాస్కుల్లోకి ఎక్కించి, మా ప్రయోగాలకు అందించడం ఆయన ఉద్యోగం. మదనపల్లెలో ఐటీఐ చదివాడు. అక్కడి మిషన్ ఆసుపత్రిలో వాళ్ల నాయన ఆక్సిజన్ సిలిండర్లు చూసేవాడట. గ్యాసుతో ఎట్లా మెలగాలో ఆయన దగ్గరే నేర్చుకున్నానని చెప్పేవాడు. కొత్తగా బిగించిన ప్రతి జాయింటుకూ షేవింగ్ బ్రష్షుతో సబ్బునురగ పూసి, బుడగ లేస్తుందేమోనని కళ్లు చికిలించి చూసేవాడు. తాను బిగించినదానికైతే రెండుసార్లు పూసేవాడు. "లీకు జాయింటులో ఉండదమ్మా, బాగా బిగించినాను అనుకుంటాడు సూడు, ఆ మనిసిలో ఉంటాది" అనేవాడు.

నా పని ఆ ద్రవంలోకి ధ్వనిని పంపడం. అది చెవికి వినపడేది కాదు, చెవికి అందనంత వేగంగా అదిరే చాలా సన్నటి ధ్వని. ఒకవైపు క్వార్ట్జ్ బిళ్ల ఒకటి అదురుతుంది, ఎదురుగా ఉన్న బిళ్ల ఆ అదురును అందుకుంటుంది. ఎంతసేపటికి చేరింది, ఎంత బలంగా చేరింది అన్నదే నేను చూడాల్సింది. ఫ్లాస్కులోని ఆవిరిని పంపుతో లాగేకొద్దీ హీలియం ఇంకా చల్లబడుతుంది. లాగుతున్నంతసేపూ కుతకుతా ఉడుకుతూనే ఉంటుంది. ఒకానొక చల్లదనం దగ్గర ఉన్నట్టుండి ఉడకడం ఆగిపోతుంది. ఒక్క బుడగ ఉండదు. అక్కడి నుంచి దాని స్వభావమే వేరు. ఒరిపిడి అన్నది లేకుండా, మామూలు ద్రవం దూరలేని సందుల్లోంచి కూడా జారిపోతుంది. దాన్ని సూపర్‌ఫ్లూయిడ్ అంటారు. ద్రవ హీలియంలో ధ్వని ఎప్పుడూ గాలిలో కంటే మెల్లగానే నడుస్తుంది. ఈ మార్పు దగ్గరికి వచ్చేసరికి ఇంకా నెమ్మదిస్తుంది, బలమూ తగ్గిపోతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడే పాటంతా ఆ కొద్ది నిమిషాల కోసమే.

ఆ నిమిషాలు దగ్గరపడుతున్నాయంటే ఆయన ఫ్యాన్లు ఆపేయించేవాడు. గదిలో ఎవరూ నడవకూడదు. గాజు ఫ్లాస్కుకు లోపలంతా వెండిపూత ఉంటుంది, పైనుంచి కిందికి సన్నటి చీలికంత మేర మాత్రం పూత ఉండదు. చిన్న స్టూలు వేసుకుని ఆ చీలికకు కన్ను ఆనించి కూర్చునేవాడు. వెనక టార్చిలైటు. నన్ను కూడా ఊపిరి మెల్లగా పీల్చమనేవాడు. ఉడుకు ఆగిన క్షణాన, "నిలిసిపోయింది సూడు!" అనేవాడు, ప్రతిసారీ అదే మొదటిసారి చూసినట్టు. వెంటనే చేతి గడియారం చూసి తన పుస్తకంలో నిమిషం రాసుకునేవాడు. ఆ పుస్తకమంతా తెలుగులోనే ఉండేది.

నేను చేరిన రెండో ఏడు ఒక శుక్రవారం ఆయన పుస్తకంలో పదకొండూ పద్నాలుగు అని రాశాడు. నా చార్టు కాగితం మీద మాత్రం ధ్వని అన్నిటికంటే బలహీనపడ్డది పదకొండూ పంతొమ్మిదికి. అంతకుముందు వారం కూడా ఇలాగే తేడా వచ్చింది. మార్పు జరిగే చోటే ధ్వని అన్నిటికంటే ఎక్కువ నీరసిస్తుందని నేను చదివిన అధ్యాయంలో ఉంది. అంటే రెండు సమయాలూ ఒకటే కావాలి. మంగళవారం పెద్దసారు ముందు సెమినారు. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. అయిదు నిమిషాలు తేడా వస్తోందంటే తప్పు ఎవరిదై ఉంటుంది? ఇటు పక్క ఎమ్మెస్సీలో ఫస్టు క్లాసు తెచ్చుకున్న నేను, విదేశీ యంత్రం. అటు పక్క ఐటీఐ చదివిన మనిషి కన్ను, ఆయన పాత గడియారం. ఇలా ఆలోచించానని రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది. ఫెయిర్ నోట్‌బుక్‌లో, 'ఉడకడం ఆగిన సమయం: 11.19' అని రాశాను. గ్రాఫు ముచ్చటగా వచ్చింది.

మరుసటి ప్రయోగానికి హీలియం ఎంత కావాలో తెలుసుకోవడానికి ఆయన మా ఫెయిర్ నోట్‌బుక్కులు చూసేవాడు. శనివారం మధ్యాహ్నం నాది తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగాడు. తన పుస్తకం తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను.

"నా కండ్లు అయిదు నిమిసాలు ముందుగానే సూస్తాండాయా అమ్మా?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

"మీ గడియారం తప్పేమో అప్పా" అన్నాను.

చేతి గడియారం విప్పి, నా చార్టు యంత్రం మీది గడియారం పక్కన పెట్టాడు. రెండూ ఒకటే చూపిస్తున్నాయి. "ఇప్పుడు సెప్పు" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చేసింది. పాఠ్యపుస్తకంలో అలాగే ఉందని వెక్కుతూ చెప్పాను.

"ఆ పుస్తకం రాసినాయప్ప మన గదిలో ల్యాడు గదమ్మా. మనం ఉండాం" అన్నాడు.

ఏడ్చింది తప్పు చేశానని మాత్రమే కాదు. అంతకుముందు ఏడు రీడింగు మార్చాడని ఒక అబ్బాయిని పెద్దసారు పెట్టె సర్దుకుని వెళ్లమన్నారు. అక్కడ పుంగనూరులో మా నాయన, నేను ఎప్పుడు వెనక్కి వస్తానా, ఎప్పుడు బీఈడీలో చేర్పిద్దామా అని కాచుకుని ఉన్నాడు. ఆ ఒక్క పేజీ బయటపడితే నా పరిశోధన ముగిసినట్టే. బయటపెట్టాల్సిన మనిషి నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఆయన నోట్‌బుక్ మూసి, ఫ్లాస్కు దగ్గరికి వెళ్లి, అడుగున ఎంత మిగిలిందో చూసి వచ్చాడు. "ఇంగొక్క తూరికి సాలేంత ఉండాది. సోమారానికి ఆవిరైపోతాది. రేపు సూద్దాం" అన్నాడు.

రేపంటే ఆదివారం. శనివారం సాయంత్రం నాలుగింటికల్లా మదనపల్లె బస్సు ఎక్కేయడం ఆయనకు ఎన్నేళ్లుగానో అలవాటు. పెళ్లాం, బిడ్డ, చర్చి అన్నీ అక్కడే. నేను అది గుర్తుచేశాను. గేటు ముందున్న ఎస్టీడీ బూతుకు వెళ్లి రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. "సెప్పినాను. ఊర్లో ఏం పని ల్యా" అన్నాడు. నేనూ అంతటితో ఊరుకున్నాను.

ఆదివారం ల్యాబులో మేమిద్దరమే. ఆయన ఒక నియమం పెట్టాడు. "నీది నాకు సూపొద్దు. నాది నీకు సూపను. అంతా అయిపోయినాక పక్కపక్కన పెడదాం." నా చార్టు కనపడకుండా స్టూలు అటు తిప్పుకుని కూర్చున్నాడు. ఆ రోజు మాత్రం "నిలిసిపోయింది సూడు" అనలేదు. అంటే నాకు తెలిసిపోతుందని నోరు కట్టేసుకున్నాడు. మూడు రకాల ధ్వనులు పంపాను, ఒకదానికంటే ఒకటి సన్నటివి. ఒక్కోదానికీ హీలియాన్ని కొద్దిగా వేడెక్కనిచ్చి మళ్లీ అదే తీరున చల్లార్చాం. పొద్దు వాలే వేళకు ఆయన పుస్తకం, నా కాగితం పక్కపక్కన పెట్టుకున్నాం.

మూడింటిలోనూ ముందు ఉడుకు ఆగింది, ధ్వని నీరసించింది ఆ తర్వాతే. అయితే తేడా మూడింటికీ ఒకటి కాదు. ధ్వని ఎంత సన్నదైతే అంత ఆలస్యం. నేను అయోమయంగా చూస్తుంటే ఆయన పెన్సిలు చెవి మీద నుంచి తీసి అన్నాడు: "గడియారం తప్పయితే మూడిటికీ ఒకే తేడా రావాల గదమ్మా. నా కన్ను తప్పయినా అంతే. ఇది మన తప్పు గాదు. దాని గుణమే ఇది."

ఆ రాత్రి హాస్టల్లో ఆ అధ్యాయం మళ్లీ తీశాను. నేను చదివి ఆపేసిన చోటు నుంచి ఇంకో ఆరు పేజీలు ఉన్నాయి. అందులో ఉంది అంతా. మార్పు జరిగిన వెంటనే ఆ ద్రవం తన కొత్త స్థితిలో ఇంకా కుదురుకోదు. ధ్వని వచ్చి నొక్కితే సర్దుకోవడానికి దానికి చాలాసేపు పడుతుంది. ఇంకొంచెం చల్లబడేకొద్దీ సర్దుకోవడంలో చురుకుదనం వస్తుంది. ధ్వని అదిరే వేగమూ, ద్రవం సర్దుకునే వేగమూ ఎక్కడ కలుస్తాయో అక్కడ ధ్వని బలమంతా ఆ సర్దుబాటుకే ఖర్చయిపోతుంది. ధ్వని సన్నదయ్యేకొద్దీ ఆ చోటు ఇంకాస్త చల్లదనం వైపు జరుగుతుంది. నేను తప్పని దిద్దింది అసలైన నిజాన్ని. ఆరు పేజీలు చదివే ఓపిక లేని నేను ఒక్క నిమిషం కూడా తప్పని కన్నును దిద్దబోయాను.

సోమవారం పొద్దున ఆ పాత పేజీని చించబోతుంటే ఆయన చేయి అడ్డం పెట్టాడు. "సింపితే మర్సిపోతావు" అన్నాడు. స్కేలు పెట్టి ఒక్క గీత కొట్టించాడు, కింద అంకె కనిపించేటట్టు. పక్కన 'ఇది నేను మార్చి రాసినది' అని రాయించి, సంతకం, తేదీ పెట్టించాడు. ఆదివారం రీడింగులకు కూడా తేదీ వేయించి, "పో, పెద్దసారుకు నువ్వే సూపించు. నేను రాను" అన్నాడు. నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాను. పెద్దసారు గీత కొట్టిన పేజీని చాలాసేపు చూశారు. తర్వాత ఆదివారం పేజీలు చూశారు. "ఫ్లాస్కు దగ్గర ఎవరు కూర్చున్నారు?" అని అడిగారు. చెప్పాను. "అయితే నమ్మొచ్చు" అని నోట్‌బుక్ తిరిగిచ్చేశారు. నన్ను ఇంటికి పంపలేదు. ఈ రోజు నేను పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ రెండు మాటల పుణ్యమే. ఆ మాటలు నన్ను చూసి అన్నవి కావు.

ఆ తర్వాత మూడేళ్లు అదే గదిలో పనిచేశాను. ఆయన ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు, నా దగ్గర కూడా. థీసిస్ ముందుమాటలో కృతజ్ఞతలు రాసేటప్పుడు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నిజం రాయాలంటే నేను చేసిన పనీ రాయాలి. చివరికి 'సకాలంలో ద్రవ హీలియం అందించిన ఆపరేటర్ గారికి' అని ఒక వాక్యం రాసి ముగించాను. ఆయన అది చదువుకుని తల ఊపాడు. "హీలియం ఇచ్చినానని రాసినావు. మంచిది. అదీ నిజమే గదా" అని నవ్వాడు. ఆ 'అదీ' అన్న మాట నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు.

రిటైరయ్యాక మదనపల్లె వచ్చేశాడు. నాకు కుప్పంలో ఉద్యోగం వచ్చాక ఏడాదికోసారి ఊరిబిండి డబ్బా చేత పట్టుకుని బస్సులో వచ్చేవాడు. పిల్లలతో మాట్లాడమంటే వద్దు వద్దంటూనే క్లాసులోకి వచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు, ఆ ఆదివారం కథ చెబుతాడేమోనని వెనక బెంచీలో ముడుచుకుని కూర్చున్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, సబ్బునురగతో లీకు పట్టడం గురించి చెప్పుకుంటూ పోయాడు.

ఒక అమ్మాయి లేచి, ఆ మార్పు దగ్గర ధ్వని ఎందుకు నీరసిస్తుంది సార్ అని అడిగింది. నేను ఆ ప్రశ్నకు బోర్డు నిండా సమీకరణాలు రాసేదాన్ని. ఆయన, "మదనపల్లె టమాట మార్కెట్టు సూసినావా అమ్మా?" అన్నాడు. "వేలంపాట మొదలుగాక ముందు వొగ మాట సెప్పు, ఈ సివర నుంచి ఆ సివరకు పోతాది. పాట అయిపోయినాకా పోతాది. ధర తేలతా తేలతా ఉంటాది సూడు, ఆ నిమిసంలో సెప్పు. ఎవురి యోసన వాళ్లది. వినినోడు పక్కోనికి సెప్పేలోపల ధర మారిపోతాది. నీ మాట ఆడాడనే అరిగిపోతాది."

"పూర్తిగా ఆగిపోతుందా సార్?"

"ఆగదమ్మా. సన్నబడతాది. ఓర్సుకోని వినాల."

పిల్లలు ఆ తర్వాత సమీకరణాలు మర్చిపోయారు గాని, టమాట మార్కెట్టు మర్చిపోలేదు.

ఆయన పోయిన రోజు నేను చేరేసరికి సమాధి కార్యక్రమం మొదలైపోయింది. పిడికెడు మట్టి వేసి తిరిగొచ్చేశాను. పది రోజులకు వాళ్లింటి ముందర షామియానా వేసి జ్ఞాపకార్థ కూటం పెట్టారు. "నువ్వు రెండు మాటలు సెప్పాలక్కా" అని అమ్మాయి ముందే అడిగింది. బీరువాలోంచి ఆ నోట్‌బుక్ తీసి సంచిలో పెట్టుకున్నాను. నాతో పాటు వస్తామని నా క్లాసు పిల్లలు ఇద్దరు బయల్దేరారు. వాళ్ల ముందు ఎలా చెప్పేదని పుంగనూరు దాకా మథనపడ్డాను. చెప్పకపోతే హీలియం ఇచ్చినందుకు మళ్లీ ఒకసారి కృతజ్ఞతలు చెప్పి కూర్చోవడమే గదా అనిపించింది.

మైకు ముందు నిలబడి అంతా చెప్పాను. పదకొండూ పంతొమ్మిది అని రాసింది నేనే అన్నాను. గీత కొట్టిన పేజీ తెరిచి చూపించాను. నా పిల్లలు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. చూడనీ అనుకున్నాను. ఎంత తేలికయిందో చెప్పలేను.

వచ్చి కూర్చున్నాక ఆయన అమ్మాయి నా పక్కన చేరి నోట్‌బుక్ అడిగి తీసుకుంది. ఆదివారం పేజీ మీద తేదీ దగ్గర ఆమె వేలు ఆగింది.

"అక్కా, ఇది మా చర్చిలో కోత పండగ ఆదివారం" అంది.

నాకు అర్థం కాలేదు.

"అప్పుడు నాకు పదేండ్లు. చర్చి నిండా జనం ముందర మొదటి తూరి వొగదాన్నే పాడినాను. ఆ పాట నేర్పించింది నాయినే, రెండు నెలలు ప్రతి శనివారం వచ్చి. పాడినంతసేపూ గుమ్మం దిక్కే సూసినాను. రాలేదు. మిషిన్ చెడిపోయిందని ఫోన్ జేసినాడంట. మాయమ్మ ఆ మాట ఇన్నేండ్లూ మర్సిపోలేదు. యా పండగ వచ్చినా, నీ బిడ్డ కంటే ఆ మిషినే ఎక్కువాయె అని అంటానే ఉండాది. నాయిన వొగ తూరి కూడా బదులు సెప్పలేదు."

ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ రాయని మనిషి నా కోసం ఇంట్లో అబద్ధం చెప్పాడు. దాన్ని ముప్పై ఏళ్లు మోశాడు.

హీలియం కంప్రెసరు మోత పక్కన అన్నేళ్లు పనిచేసినందుకు చివరి రోజుల్లో ఆయన చెవులు మందగించాయట. అందుకని ఆయన భార్య ఇంట్లో అన్నీ గట్టిగా చెప్పేదట. ఆ అలవాటు ఇంకా పోలేదు. ముందు వరుసలో కూర్చున్నామె వెనక్కి తిరిగి, "ఏమంటాండాది ఆయమ్మ?" అని షామియానా అంతా వినపడేటట్టు అడిగింది. కూతురు వెళ్లి తల్లి పక్కన కూర్చుని, నోట్‌బుక్ ఒళ్లో పెట్టి, మెల్లగా చెప్పింది. ఆమె ఆ పేజీ మీద చేత్తో తడిమింది. ఇంగ్లీషు అంకెలు చదవగలదో లేదో నాకు తెలియదు.

తర్వాత తల ఎత్తి, ఎదురుగా బల్ల మీద పూలదండ వేసి ఉన్న ఫోటో వైపు తిరిగి, ఆ గట్టి గొంతుతోనే అంది:

"మిషిన్ బాగానే ఉండిందంట గదయ్యా!"

ఒక మాట చెప్పాక ఆయనకు వినపడి తల తిప్పేదాకా ఎంతసేపు ఆగేదో అంతసేపు, ఆమె ముఖం అటే పెట్టుకుని ఆగింది.